దిగేటోళ్లు దిగున్రి

ఉంగరాలు మార్చుకోవడం, ప్రధానం భోజనాలు అయ్యేసరికి ఎండ గోదావరి వంతెన మీదికి వాలింది. పాస్టరు గారు ఆఖరి ప్రార్థన చేసి వెళ్లిపోయారు. పెళ్లికూతురు గ్రేసు వాళ్ల నాన్న ఆదాము గారు నా తమ్ముడి భుజం మీద చెయ్యేసి, "అల్లుడూ, బండి నిదానంగా తోలుకపో" అన్నారు.

"అవ్ మామా" అన్నాడు నా తమ్ముడు షాలేమ్‌రాజు, వంచిన తల ఎత్తకుండా. ఆ వినయం చూస్తే నాకే నవ్వొచ్చింది. పొద్దుటి నుంచి ఆ తల ఎన్నిసార్లు పందిరి వెనక్కి తొంగి చూసిందో నాకు తెలుసు. పందిరి వెనక వాడి దోస్తు అనిల్‌కుమార్ ఉన్నాడు.

అనిల్‌ది వేంసూరు. వాళ్లకు మామిడితోటలున్నాయి. మా వాడితో ఐటిఐ చదివాడు. పందెం కట్టి మోటారుసైకిలు హ్యాండిల్ వదిలేసి నడిపి పడ్డాడట, కనుబొమ మీద పెద్ద మచ్చ. దాన్ని మెడల్‌లాగా అందరికీ చూపిస్తాడు. పడ్డవాడికి మెడల్ ఇచ్చే ఆట మగపిల్లల దగ్గర తప్ప ఎక్కడా లేదు.

మా అమ్మ మరియ, చుట్టాలందరూ ముందు బస్సుకే టేకులపల్లి బయల్దేరారు. బస్సు కిటికీలోంచి అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"తబితా, నువ్వు వానితోనే రా. ఆ వేంసూరు పిలగాడు వెంటున్నడు. నా కొడుకును నా ఇంటికి తెచ్చుడు నీ మీదనే ఉన్నది."

"నేనేమన్న పోలీసునా?"

"పోలీసుకన్న ఎక్కువనే" అంది అమ్మ. బస్సు కదిలింది.

షాలేము కొత్తగూడెం, టేకులపల్లి మధ్య మనుషుల్ని ఎక్కించుకునే సర్వీసు జీపు తోలేవాడు. కమాండర్ జీపు. ముందు డ్రైవరు పక్క తలుపులుండవు. వెనక ఎదురెదురుగా రెండు పొడుగు బల్లలు, చివర గొళ్లెం పెట్టే ఇనుప తలుపు. ఆ రోజు అదే బండి, ముందు సీట్లో వాళ్లిద్దరూ కూర్చున్నారు. వెనక బల్ల మీద నేనొక్కదాన్నే, మిగిలిన లడ్డూల గంపతో.

పాల్వంచ దాటేదాకా వాడు బుద్ధిగానే నడిపాడు. కొత్తగూడెంలో బండి పక్కకు ఆపి, "సోడా తాగొస్తం అక్కా" అన్నారు. వచ్చేటప్పుడు చేతిలో నారింజ కూల్‌డ్రింకు సీసా ఉంది.

"ఆ డ్రింకు చాయ్ రంగుకు ఎప్పుడు తిరిగిందిరా?" అన్నాను.

"లైటింగు అక్కా" అన్నాడు అనిల్. ఇద్దరూ పడీ పడీ నవ్వారు. నోట్లో సోంపు. సోంపు నమిలితే వాసన పోతుందని కనిపెట్టినవాడెవడో గాని, వాడికి ముక్కు లేదు.

"తాళం ఇటియ్. పేరుకు మరియమ్మ కొడుకువే గాని, ప్రభువు లెక్క సచ్చి లేవనీకి నీకు రెండో ప్రాణమేం ఇయ్యలే దేవుడు. ఇక్కడ పెద్దమ్మోళ్లింట్ల పండుకోని పొద్దుగాల పోదాం."

"అక్కా, నేను కొంచెం ఏసుకుంటెనే స్టీరింగు సక్కగుంటది."

"నువ్వు తాగితే నీకు సక్కగ కనపడతది. రోడ్డుకు గాదు."

వాడు తాళం జేబులో వేసుకుని చేతులు జోడించాడు. "గంట తొవ్వ. నీ మీద ఒట్టు, మెల్లగనే పోత."

నా మీదే ఎందుకు ఒట్టు? బ్రాందీ మీద పెట్టుకోవచ్చుగా. అయినా ఎక్కాను. నేను దిగిపోతే వాడు ఆగడు, ఇంకో పది రెట్లు జోరుగా తోలతాడు. నేనుంటే నా నోటికైనా భయపడతాడు.

ఊరు దాటగానే పొద్దు గూకింది. డిసెంబరు చీకటి, ఒక్కసారే పడిపోతుంది. రెండు పక్కలా టేకుచెట్లు. ఎండిన పెద్ద ఆకులు టైర్ల కింద అప్పడాల్లా విరుగుతున్నాయి. ఎక్కడో కట్టెలు కాల్చిన పొగ వాసన, దాని కింద పచ్చి మట్టి వాసన. జీపు లైట్ల వెలుగులో మంచు పల్చటి గుడ్డలాగా ఊగుతోంది.

ఆ దారిలో ఒక మలుపుంది. అక్కడి నుంచి ఒక కాలిబాట తండాకు పోతుంది. దాన్ని రూప్లమ్మ మలుపంటారు. రూప్లి అనే లంబాడీ ముసలమ్మ ఒక సంతరోజు ఉల్లిగడ్డల మూటతో జీపెక్కింది. డ్రైవరు తాగి ఉన్నాడు, ఇంకో జీపుతో పోటీ పడుతున్నాడు. మలుపు రాగానే ఆమె ఇనుప కడ్డీ మీద రూపాయి బిళ్లతో కొట్టి, "ఆపు బేటా, దిగుత" అన్నది. పోటీలో ఉన్నవాడు ఆపుతాడా? "జర ఆగు ముసలమ్మా, ముందల దింపుత" అన్నాడట. ముందర వాగు మీద కల్వర్టు ఉంది. అక్కడ బండి బోల్తా పడింది. రూప్లమ్మ ఆ బండి కిందనే పోయింది.

అప్పట్నించి ఆ లైన్లో ఒక పద్ధతి పడింది. పొద్దుగూకినాక ఏ సర్వీసు జీపైనా ఆ మలుపులో ఆగుతుంది. డ్రైవరు దిగి వెనక తలుపు తీసి, "దిగేటోళ్లు దిగున్రి" అంటాడు. ఎవరూ దిగరు. కొంచెంసేపు తలుపు పట్టుకుని నిలబడతాడు, మళ్లీ వేస్తాడు, పోతాడు. హిందువులు, సాయిబులు, మా క్రైస్తవులు, అందరూ చేస్తారు. నేను దాన్ని మూఢనమ్మకం అనేదాన్ని కాదు. బతికున్నప్పుడు ఆపనివాళ్లు చచ్చాకైనా ఆపుతున్నారు, అంతవరకు నయం అనేదాన్ని.

మలుపు దగ్గర షాలేము గేరు తగ్గించాడు. అనిల్ వాడి చెయ్యి పట్టుకున్నాడు.

"ఏంట్రా, ఆపుతున్నావా? ప్రభువు బిడ్డవై ఉండి చచ్చినదానికి స్టాపు ఇస్తావా?"

"లైన్ల అందరు ఆపుతరు రా."

"అందరూ ఆపుతారు. మగాడివైతే లైట్లు తీసేసి, న్యూట్రల్లో వదిలెయ్. కల్వర్టు దాకా దిగుడేగా. వదిలితే నువ్వు డ్రైవరువి. లేకపోతే పెళ్లయ్యాక మీ ఆవిడ నడుపుతుంది, నువ్వు వెనక తలుపులు తియ్."

"షాలేము, ఆపురా!" అన్నాను.

"పట్టుకోని కూసో అక్కా" అన్నాడు షాలేము, నవ్వుతూ.

లైట్లు పోయాయి.

ఇంజను చప్పుడు సన్నబడిపోయింది. టైర్ల కింద రాళ్లు, చెవుల్లో గాలి. చీకట్లో నా చేతులు నాకే కనబడటంలేదు. ముందర ఇద్దరూ కేకలు పెడుతున్నారు, జాతరలో రంకులరాట్నం ఎక్కినట్టు.

అప్పుడు... నా ఎదురు బల్ల కిర్రుమంది.

ఎవరైనా కూర్చుంటే బల్ల అలా అంటుంది. జీపు వెనక భాగం కొంచెం కిందికి కుంగింది. ఉల్లిగడ్డల వాసన వచ్చింది. పొగాకు వాసన. చేతినిండా గాజులున్న మనిషి కదిలితే వచ్చే చప్పుడు... మెత్తగా... నా మోకాళ్లకు ఎదురుగా.

టంగ్.

ఇనుప కడ్డీ మీద.

టంగ్... టంగ్.

"ఆపు బేటా... దిగుత."

"ఊకో అక్కా, ఏం గాదు" అన్నాడు షాలేము.

"నేనేం అనలేదురా..."

అనిల్ వెనక్కి తిరిగాడు. వాడి నవ్వు సగంలో ఆగిపోయింది. వాడికి ఏం కనబడిందో నాకు తెలియదు. "అక్కా... నీ ముందర..." అన్నాడు. 

నేను తడుముకుంటూ పోయి వెనక తలుపు గొళ్లెం తీశాను. పోయే బండిలోంచే, "దిగమ్మా, నీకు దండం పెడత, దిగు" అన్నాను.

ఎవరూ దిగలేదు. తర్వాత నా చెవి పక్కనే, తడిగా, జాలిగా...

"నా మలుపు దాటిపోయింది బేటీ... ఇప్పుడేడ దిగాలె?"

నేను ముందుకు పడి షాలేము జుట్టు పట్టుకున్నాను. "బ్రేకెయ్‌రా! ఎయ్!"

"పడతలేదక్కా!" వాడి గొంతులో మత్తు లేదు. చిన్నప్పుడు బావిలో పడ్డప్పుడు అరిచిన గొంతు. "కింద ఏందో అడ్డమున్నది, బ్రేకు పడతలేదు..."

తెల్లటి గోడ. కల్వర్టు గోడ.

అంతే.

కళ్లు తెరిచేసరికి నేను బల్లల మధ్య లడ్డూలలో పడి ఉన్నాను. తల దిమ్మెక్కిపోయింది. జీపు రోడ్డుకు అడ్డంగా నిలబడి ఉంది. ఇంజను నడుస్తోంది. లైట్లు లేవు. డ్రైవరు సీట్లో షాలేము వీపు నల్లగా కనబడింది.

"దెబ్బ తాకిందా అక్కా?"

నాకు ఏడుపొచ్చింది. తిట్లు కూడా వచ్చాయి, కాని ముందు ఏడుపే వచ్చింది. "బతికే ఉన్నవా గాడిదా... అనిల్ ఏడిరా?"

"దిగిండు."

"దిగుడేంది?"

"ఆమెను దించి రావాలె అక్కా. తిప్పుతున్న."

ఎదురు బల్ల మీద గాజులు మెల్లగా చప్పుడయ్యాయి. ఆమె ఇంకా అక్కడే ఉంది. నేను అటు చూడలేదు. కళ్లు మూసుకుని మా తమ్ముడి గొంతునే పట్టుకుని కూర్చున్నాను.

వాడు బండి తిప్పాడు. నడిపాడు. అంత మెల్లగా వాడు పుట్టి బుద్ధెరిగి ఎప్పుడూ నడపలేదు. ప్రతి గుంత దగ్గరా ఆగి, చక్రం దించి, ఎక్కించి... బాలింతను తీసుకుపోతున్నట్టు. బ్రాందీ వాసన లేదు. సోంపు వాసన లేదు. వాగు అడుగు మట్టి వాసన ఒక్కటే. మనసులో అనుకున్నాను, దెబ్బతో బుద్ధొచ్చింది, పోనీ, ఇట్లాగైనా వచ్చింది.

"అమ్మకు నువ్వే చెప్పక్కా" అన్నాడు కొంతదూరం పోయాక.

"ఏం చెప్పాల? తాగినవనా? ఇంటికి రా, నీ చర్మం ఒలుస్తది."

వాడు ఒక్కసారి కూడా నా వైపు తిరగలేదు.

మలుపు వచ్చింది. జీపు ఆగింది. నేను వెనక తలుపు నెట్టాను. ముందు నుంచి వాడి గొంతు, చాలా నెమ్మదిగా...

"దిగేటోళ్లు దిగున్రి."

బల్ల కిర్రుమంది. ఉల్లి వాసన నన్ను రాసుకుంటూ పోయింది. జీపు వెనక భాగం తేలికయి పైకి లేచింది. కాలిబాట మీద ఎండుటాకులు విరిగాయి... ఒక అడుగు... ఇంకో అడుగు... గాజుల చప్పుడు తండా వైపు సన్నగా పోయింది.

నేను ఊపిరి వదిలాను. "పా షాలేము. అనిల్‌ను ఎక్కించుకోని ఇంటికి పోదాం."

"నువ్వు కూడ దిగక్కా."

"నేనెందుకు దిగుతరా?"

"దిగక్కా... జల్దీ."

గొంతు వాడిదే. కాని పళ్లు బిగబట్టి మాట్లాడుతున్నట్టుంది. బలమైన దాన్ని దేన్నో రెండు చేతులా ఆపుతున్నట్టుంది. నేను దిగాను. ముందుకు పోయి వాడి మొహం చూసి, చెవి మెలేసి, పక్కన కూర్చుందామని దిగాను.

నేల మీద రెండో కాలు పెట్టానో లేదో జీపు కదిలింది. లైట్లు లేకుండానే. "షాలేమూ!" అని అరుచుకుంటూ వెంట పరుగెత్తాను. చీకటి దాన్ని మింగేసింది. చప్పుడు కూడా మిగల్లేదు.

ఏడుస్తూ కల్వర్టు వైపు నడిచాను. అనిల్ ఒక్కడే దెబ్బలతో ఉంటాడని. చాలాదూరం నడిచాక ఒక లారీ లైట్లు కనబడ్డాయి. లారీవాళ్లు టార్చి పట్టుకుని నిలబడ్డారు. గోడ పక్కన అనిల్ కూర్చుని ఉన్నాడు. వాడి ఒళ్లో ఎవరిదో తల ఉంది.

ప్రధానానికి నేను ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా. నేను కుట్టిన కాజాలు.

"ఎక్కడికెళ్లావక్కా?" అనిల్ పళ్లు కొట్టుకుంటున్నాయి. "గోడకు తగలగానే ఇద్దరం బయట పడ్డాం. వీడు కిందకు, వాగులోకి... నేనే లాక్కొచ్చా. అప్పటికే ఊపిరి లేదు. నిన్ను పిలుస్తూనే ఉన్నా. జీపు దానంతటదే తిరిగి వెళ్లిపోయిందక్కా..."

నేను వాడి పక్కన కూలబడి తమ్ముడి చెయ్యి పట్టుకున్నాను. ఎప్పుడో చల్లబడిపోయింది. చొక్కా నిండా వాగు మట్టి.

వాణ్ని ఇంటికి తెచ్చాను. అమ్మ అప్పజెప్పిన పని చేశాను. లారీలో పడుకోబెట్టుకుని, తల నా ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. వాకిట్లో అమ్మ నిలబడి ఉంది. తమ్ముడు చెప్పమన్నది నన్నే కాబట్టి నేనే చెప్పాను. ఆ మాట నా నోటి నుంచి ఎలా వచ్చిందో ఇక్కడ రాయను.

పోలీసులు, జీపును ఎవరో దొంగ తోలుకుపోయాడన్నారు. నేను దెబ్బ తగిలి సోయి లేక ఏదో ఊహించుకున్నానన్నారు. సరే, అనుకోనియ్యండి. జీపు దొరకలేదు. చర్ల దాకా వెతికారు, ఛత్తీస్‌గఢ్ వైపు కూడా అడిగించారు. ఇనుము ముక్క కూడా దొరకలేదు. సర్వీసు డ్రైవర్లు మాత్రం పొద్దుగూకినాక లైట్లు లేని బండేదో వెనకాలే వస్తుందని, పక్కకు జరిగి దారిస్తే దాటిపోదని చెప్పుకుంటారు. చెప్పుకుని, మళ్లీ పోయి తాగుతారు. వీళ్లకు దెయ్యం కూడా బుద్ధి చెప్పలేకపోతే నేనేం చెప్పను?

పోలీసులకు చెప్పని మాట ఒకటి నా దగ్గరుంది.

రూప్లమ్మ దిగింది, చెవులారా విన్నాను. ఆమె తర్వాత నేను దిగాను, ఇంక వెనక ఎవరూ లేరనే అనుకున్నాను. వెనక తలుపు నేను వెయ్యలేదు, అది తెరుచుకుని ఊగుతూనే ఉంది. జీపు కదిలి నాలుగు గజాలు పోయాక దాన్ని ఎవరో లోపలి నుంచి లాక్కుని గొళ్లెం పెట్టుకున్నారు. మెల్లగా, తొందర లేకుండా... ఇంకా చాలా దూరం పోవాల్సినవాళ్లలాగా.