ఏడంగుళాల కేప్

"ఆరంగుళాల వాణ్ణి ఏడంగుళాల వాడి పక్కన ఎలా నిలబెడతామండి? ఒకే షెల్ఫులో ఎత్తు తేడా ఉంటే చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది."

విజయ్ పాల్ ఈ మాట అనడం ఇది నాలుగో నెల. నాలుగు నెలలుగా మెర్సీ కూడా ఒకేలా నవ్వుతోంది. పెదవి ఓ పక్కకి లాగి, తను అసలు చదువుకున్నాడా లేదా అని అవతలివాడికే అనుమానం వచ్చేలా.

రాజమండ్రిలో గున్నేశ్వరరావుగారి స్టీలు సామాన్ల కొట్టు. దాని మేడ మీద, గంగాళాలకీ ఇడ్లీ పాత్రలకీ మధ్య, ప్రతి నెలా రెండో ఆదివారం సాయంత్రం పన్నెండు మంది పెద్దవాళ్లు చేరి బొమ్మల గురించి తగువులాడుకుంటారు. బొమ్మలంటే వాళ్లకి కోపం. యాక్షన్ ఫిగర్స్ అనాలి. బాక్సు మాత్రం విప్పకూడదు. విప్పితే బొమ్మ సగం చచ్చినట్టేనని గున్నేశ్వరరావుగారి శాసనం. మీరు గిన్నెలు కూడా అట్టపెట్టె విప్పకుండానే అమ్ముతారేమో అని మెర్సీ ఓసారి అంటే, ఆయన అది మెచ్చుకోలనుకుని మురిసిపోయారు.

ఇప్పటి తగువు వజ్రపక్షి గురించి. కామిక్స్‌లో ఎగిరే హీరో. ఇరవై ఏళ్లుగా అతని బొమ్మలు చేస్తున్న కంపెనీ నుంచి లైసెన్స్ వేరే కంపెనీకి పోయింది. పాతవాళ్లది ఏడంగుళాల బొమ్మ, భుజాల నుంచి వీపు మీదికి వేలాడే గుడ్డ కేప్. కొత్తవాళ్లది ఆరంగుళాలు, ప్లాస్టిక్ కేప్. అంతే సంగతి. దీనికోసం గ్రూపు రెండు ముక్కలై, ఒకరి గుడ్ మార్నింగ్‌కి ఒకరు జవాబివ్వడం మానేశారు.

పాత కంపెనీ పక్షానికి విజయ్ పాల్ పెద్ద. కడియంలో నర్సరీ మొక్కలకి లారీలు కుదిర్చే ఆఫీసులో పని. ఆరడుగుల మనిషి, మేడ మీద ఫ్యానుకి భయపడి తల వంచి తిరుగుతాడు. కొత్త కంపెనీ పక్షం మెర్సీది. నరసాపురంలో లేసు ఎగుమతి చేసేవాళ్ల దగ్గర డిజైనర్. అతని భుజం దాకా కూడా రాదు కానీ మాట మాత్రం సీలింగుకి తగులుతుంది.

పాత బొమ్మ మొహం పంటినొప్పొచ్చిన గుమస్తాలా ఉంటుందని ఆమె అనేది. కొత్తది ఉడకబెట్టి తొక్క తీసిన బంగాళాదుంపలా ఉందని అతను అనేవాడు. ఆ బంగాళాదుంపని తలుచుకుని మెర్సీ తిరుగు రైల్లో నిడదవోలు దాకా నవ్వుకునేది. పాలకొల్లు వచ్చేసరికి వచ్చే నెల ఏమని వెక్కిరించాలో సిద్ధం చేసుకునేది.

అందుకే గ్రూపులో అతని మెసేజ్ చూడగానే ఆమె చేతిలో సూది ఆగిపోయింది. లైసెన్స్ పోయాక తనకి మనసు విరిగిందనీ, తన నలభై వజ్రపక్షుల్నీ వచ్చే మీటింగులో గున్నేశ్వరరావుగారికి ఇచ్చేసి గ్రూపులోంచి తప్పుకుంటాననీ రాశాడు. గున్నేశ్వరరావుగారు ఏడుస్తున్న మొహం ఒకటి పెట్టి, ఆ వెంటనే బాక్సులు వానకి తడవకుండా తెమ్మన్నారు.

అతను రాకపోతే ఆమెకిక రెండో ఆదివారాలు లేవు. ఆ మాట చెప్పడానికి మెర్సీకి వెక్కిరింత తప్ప వేరే భాష రాదు. ఎర్ర దారం తీసింది. మూడు రోజులు అల్లింది.

ఆదివారం చర్చి అవగానే రైలెక్కింది. మేడ మీదికి వచ్చేసరికి విజయ్ పాల్ అట్టపెట్టెలు పేర్చేసి ఉన్నాడు. అన్నిటి మీదా రుమాల్లో చుట్టిన బొమ్మ ఒకటి. నలభైలో బాక్సు లేనిది అదొక్కటే. ఏడో ఏట వాళ్ల నాన్న కొనిచ్చింది.

మెర్సీ తన కొత్త వజ్రపక్షిని తీసి బల్ల మీద పెట్టింది. బాక్సు లేదు. గున్నేశ్వరరావుగారు గుండె పట్టుకున్నారు. ప్లాస్టిక్ కేప్ ఊడదీసి, బొమ్మ భుజాలకి సన్నటి ఎర్ర లేసు కేప్ తగిలించి ఉంది. అది నేల మీద జీరాడుతోంది. పెళ్లికూతురిలా ఉన్నాడని గ్రూపులోని సురేష్‌బాబు అనగానే ఉభయ పక్షాలూ నాలుగు నెలల తర్వాత కలిసి నవ్వాయి.

విజయ్ పాల్ నవ్వలేదు. వాదనలో పనికొస్తుందని ఎప్పుడూ జేబులో ఉంచుకునే స్టీలు స్కేలు తీసి కేప్ కొలిచాడు.

"మీరు లేసు డిజైనరండి. కొలత తప్పారు."

"తప్పలేదండి."

"ఇది ఏడంగుళాల వాడికి సరిపోయేది."

"అవునండి."

బయట రేకుల మీద వాన పడుతోంది. అతను మెల్లగా రుమాలు విప్పి పాత బొమ్మని తీశాడు. దాని వీపు బోసిగా ఉంది. లేసు కేప్ తగిలించాడు. మడమల దాకా వచ్చి ఆగింది, కొలిచి కుట్టినట్టు.

"దీనికి కేప్ లేదని మీకెలా తెలుసు? నేనెప్పుడూ ముందువైపే ఫోటో తీస్తాను."

"మార్చిలో పెట్టిన ఫోటోలో వెనక అద్దం ఉంది. బొమ్మ చెవి కింద రంగు తగ్గినా పట్టేసే ఇంతమంది మేధావులు, దాని వీపు మాత్రం చూడలేదు."

అతను తల దించుకుని బొమ్మకే చెప్పాడు. "సఖినేటిపల్లి నుంచి నరసాపురం రేవుకి వస్తుంటే, పంటు పడవ మీంచి గాలికెగిరి గోదాట్లో పడిపోయిందండి. నాకప్పుడు ఎనిమిదేళ్లు."

"మా రేవులోనా?"

"అవునండి. మీ ఊరే తిరిగిచ్చింది."

మెర్సీ లేసు కేప్ అంచు సవరించింది. ఈ మాటకి వెక్కిరింత పాలకొల్లు దాకా వెతికినా దొరికేది కాదు.

గున్నేశ్వరరావుగారు గొంతు సవరించుకున్నారు. "మరి బాక్సులు, విజయ్‌బాబూ?"

"నాతోనే తీసుకెళ్తానండి. గ్రూపులో కూడా ఉంటాను."

ఆయన మొహం చూస్తే ఎవరో ఆయన కళ్లముందే బాక్సు విప్పినట్టుంది.

విజయ్ పాల్ ఓ ఇడ్లీ పాత్ర బోర్లించి, దాని మీద తన ఏడంగుళాల వాణ్ణి, పక్కన ఆమె ఆరంగుళాల వాణ్ణి నిలబెట్టాడు.

"అసహ్యంగా ఉందా?" మెర్సీ అడిగింది.

అతను బొమ్మల్ని చూడలేదు. తన భుజం పక్కన, తల పైకెత్తి తననే చూస్తున్న మనిషిని చూశాడు.

"లేదండి. ఎత్తు తేడా ఉంటేనే బాగుంది." స్కేలు జేబులో పెట్టేసుకున్నాడు. "వచ్చే ఆదివారం మన మీటింగు లేదు. అయినా నరసాపురం రావచ్చా? చర్చిలో మీ నాన్నగారు ఎన్నో వరసలో కూర్చుంటారు?"

"మూడో వరస," అంది మెర్సీ. "తర్వాత ఇంటికొచ్చేటప్పుడు మాత్రం తల వంచి రండి. మా గుమ్మం ఆరంగుళాల వాళ్ల కోసం కట్టింది."