బోల్టు లేని తుపాకీ

కోల్డ్ స్ప్రింగ్ లోయలో ఉన్న స్టిట్జెల్ వాళ్ళ ఇల్లు మంచిది కాదని మా కౌంటీలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆర్విన్ స్టిట్జెల్ పోయాడు. ఆయన భార్య వెర్నా కొండ అవతల చెల్లెలి ఇంటికి వెళ్ళిపోయింది. అప్పటినుంచి ఇల్లు ఖాళీ. అయినా చీకటి పడ్డాక వంటింటి కిటికీలో వెలుతురు కనబడుతుంది… అగ్గిపుల్ల గీసినట్టు ఒక్కసారి వెలిగి, ఆరిపోతుంది.

కుక్కలతో రాత్రి వేటకు వెళ్ళేవాళ్ళు ఆ దారి మానేశారు. వాళ్ళ కుక్కలు ఆ కంచె దాటవట.

"ఆర్విన్ తిరుగుతున్నాడు," అంటారు మావాళ్ళు. "తమ్ముణ్ణి చంపినవాడికి సమాధిలో నిద్ర పడుతుందా?"

చంపిన మాట నిజమే. ఎందుకు చంపాడన్నదే ఎవరికీ తెలియదు. జింకల వేట మొదలైన రోజు, తెల్లవారుజామున, పొగమంచు కమ్ముకుని ఉంది. ఆర్విన్ తుపాకీ పేలింది. పడింది జింక కాదు — తమ్ముడు లాయిడ్. పొరపాటున జరిగిందని షెరీఫ్ రాసుకుని వెళ్ళిపోయాడు. కానీ వెర్నా మొదట్లో డాన్సులకు వెళ్ళింది లాయిడ్‌తోనని ఊళ్ళో అందరికీ గుర్తే. ఆర్విన్ మాత్రం ఆ రోజు గురించి చచ్చేదాకా నోరు విప్పలేదు. భార్య దగ్గర కూడా.

ఒక్క పని చేశాడు. తుపాకీ బోల్టు ఊడదీసి ఇంట్లో ఎక్కడో దాచేశాడు. బోల్టంటే, తూటాను గొట్టంలోకి తోసి వెనక బిగించే ఇనుప కడ్డీ. అది లేకపోతే తుపాకీ పేలదు.

ఆ ఇంట్లోకి రాత్రిపూట వెళ్ళినవాడు డెల్బర్ట్ కంకల్. ఏం జరిగిందో చర్చి బయట ట్రక్కులో కూర్చుని నాకు చెప్పాడు. లోపల ప్రార్థన మొదలైంది. అతను దిగలేదు. చెబుతున్నంతసేపూ నా మొహం చూడలేదు.

డెల్బర్ట్ సైన్యాలు వదిలించుకున్న పాత తుపాకులు కొని దాచుకుంటాడు. నేనూ కొంటాను. అందులో తప్పేమీ లేదు. కానీ మనసు పడ్డ ప్రతిదాని వెంటా పరిగెత్తే మనిషి చివరికి ఎక్కడ తేలతాడో చెప్పలేం.

ఆర్విన్‌ది స్వీడన్ సైన్యం తుపాకీ. అప్పట్లో వాటిని హార్డ్‌వేర్ కొట్టులో, పారల పక్కన, పీపాలో నిలబెట్టి అమ్మేవారు. ఆ తుపాకుల్లో ఒక్కోదానికి ఒక్కో నంబరు; దాని చిన్న మర మీద కూడా అదే కొట్టి ఉంటుంది. అన్ని నంబర్లూ కలిస్తేనే, పాత తుపాకులు దాచుకునే మావాళ్ళు దాన్ని లెక్కలోకి తీసుకుంటారు.

ఆర్విన్ పోయాక ఆ తుపాకీని డెల్బర్ట్‌కి అమ్మేటప్పుడు వెర్నా ఒక్కటే అడిగింది.

"దీన్ని మళ్ళీ పేల్చరు కదా?"

డెల్బర్ట్ టోపీ తీసి ఛాతీకి ఆనించుకున్నాడు. "లేదమ్మా. బోల్టు కోసం కూడా అడగను. గోడకి తగిలించుకుంటాను, అంతే. మాటిస్తున్నాను."

ఆ మాట అతను మనస్ఫూర్తిగానే ఇచ్చాడట. నేను నమ్ముతాను. మాట ఇవ్వడం ఎవరికైనా తేలికే.

తర్వాత ఫైర్‌హాల్లో, అంటే మా ఊరి ఫైరింజను షెడ్డులో, ఆదివారం పాన్‌కేకుల ఫలహారం దగ్గర మావాళ్ళు అతన్ని పట్టుకున్నారు.

"ఏం డెల్, నీ స్వీడన్ దొరసానికి పళ్ళు లేవటగా?"

"తుపాకీ అంటావేంట్రా దాన్ని? మీ ఆవిడకివ్వు, కిటికీ తెర వేలాడేసుకుంటుంది!"

"పోనీ, బజార్లో ఇంకో బోల్టు కొని తగిలించరాదూ?"

డెల్బర్ట్ ఫోర్కు కింద పెట్టేశాడు. "వేరే నంబరుదా? సిగ్గులేదూ ఆ మాట అనడానికి!"

వేరే నంబరు బోల్టు పెట్టడానికి సిగ్గుపడ్డాడు. ఇచ్చిన మాట తప్పడానికి సిగ్గుపడలేదు.

నవంబరులో, సన్నగా జల్లు పడుతున్న ఒక రాత్రి, ట్రక్కును వంతెన దగ్గర ఆపి నడిచి వెళ్ళాడు. వెనక తలుపుకి తాళం లేదు. రోడ్డు మీదికి కనబడుతుందని టార్చి వెయ్యలేదు. వంటిల్లంతా చీకటి… చల్లారిన పొయ్యి వాసన. గోడ పట్టుకుని నడిచాడు. దారిలో ఒక కుర్చీ వీపు చేతికి తగిలింది. పక్కకి తప్పుకుని నేలమాళిగ మెట్లు దిగాడు.

ఎక్కడ వెతకాలో అతనికి తెలుసు. బోల్టు దాచిన ముసలివాళ్ళు దాన్ని పారెయ్యరు. పారెయ్యడానికి చెయ్యి రాదు. నూనె గుడ్డలో చుట్టి, తడి తగలని చోట, ఇంటావిడ చెయ్యి పోని చోట పెడతారు. కిందికి వెళ్ళాక టార్చి వేసి దూలం మీద తడిమాడు. కాఫీ డబ్బా. అందులో ఊలు మేజోడు. మేజోట్లో — బరువుగా, చల్లగా — బోల్టు.

నంబరు చూశాడు. కలిసింది!

సరిగ్గా అప్పుడు… నెత్తి మీద, వంటింట్లో, కుర్చీ కిర్రుమంది.

టార్చి ఆర్పేశాడు. తను రాసుకుంటూ వచ్చిన కుర్చీ అది. ఖాళీగా ఉందనుకున్న కుర్చీ.

"ఆర్విన్…"

గొంతు కాదు, గుసగుస. మెట్ల మీదనుంచి నీళ్ళు జారినట్టు కిందికి జారింది.

"ఆర్విన్… నువ్వేనా?"

ఆ నేలమాళిగకు ఇంకో దారి లేదు. పైనున్నది మనిషో, మరొకటో తెలియదు. కాసేపటికి ఆ గొంతు పోల్చుకున్నాడు. వెర్నా. పోల్చుకున్నాక భయం పోలేదు, మారింది. దొంగగా దొరికిపోతాననే భయం పట్టుకుంది. పేరు చెప్పి, క్షమించమని అడిగితే అక్కడితో పోయేది.

"ఊఁ…" అన్నాడు.

పైన అడుగులు మెట్ల దాకా వచ్చి ఆగాయి.

"నువ్విక్కడ తిరుగుతున్నావని అందరూ అంటున్నారు. అందుకే చెల్లెలు పడుకున్నాక వస్తున్నాను. అప్పుడప్పుడూ అగ్గిపుల్ల గీసి చూసుకుంటాను, వచ్చావేమోనని… పైకి రాకు. నీ మొహం చూసే ధైర్యం లేదు నాకు. అక్కడినుంచే చెప్పు."

డెల్బర్ట్ డబ్బాను గుండెకి అదుముకుని నిలబడ్డాడు.

"లాయిడ్ సంగతి. పొరపాటేనా? లేకపోతే… నా వల్లా?"

జల్లు కిటికీ మీద పడుతోంది.

"బతికుండగా అడగలేకపోయాను. నీ పక్కన పడుకుని, నీ ఊపిరి వింటూ, అడుగుదామనుకునేదాన్ని. తెల్లారిపోయేది. ఒక్క మాట చెప్పు, ఆర్విన్. ఏదైనా సరే… భరిస్తాను."

జాలేసింది అన్నాడు డెల్బర్ట్ నాతో. అలా అన్నాక తనే తల అడ్డంగా ఊపాడు. జాలి ఉంది, కానీ అక్కడినుంచి బయటపడాలన్న ఆత్రమే ఎక్కువుందట.

"పొరపాటే…" గొంతు తగ్గించి అన్నాడు. "మంచులో… కనబడలేదు."

పైనుంచి ఏడుపు వినిపించింది. ఎన్నాళ్ళనుంచో మోస్తున్న మూట దించినప్పుడు మనిషి వదిలే నిట్టూర్పులా మొదలై, ఆగకుండా సాగింది. డెల్బర్ట్ చీకట్లో నిలబడి అదంతా విన్నాడు. చెవులు మూసుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

చివరికి ఆమె ముక్కు చీదుకుంది. చిన్నగా నవ్వింది కూడా.

"పిచ్చివాడా… ఈ మాట చెప్పడానికి చచ్చిపోవాల్సి వచ్చిందా నీకు? రా, పైకి రా. ఇప్పుడు చూస్తాను నీ మొహం. ఇక భయం లేదు."

అగ్గిపుల్ల గీసిన చప్పుడు. లాంతరు వెలిగింది. మెట్ల మీద పసుపుపచ్చని వెలుతురు ఒక్కో మెట్టూ దిగి… అతని బూట్ల దగ్గర ఆగింది.

వెర్నా మెట్ల పైన నిలబడి ఉంది. తల దువ్వుకుని, మంచి గౌను వేసుకుని ఉంది. మొహంలో ఆ నవ్వు ఇంకా ఉంది.

ఆమె అతని బూట్లు చూసింది. చేతిలో డబ్బా చూసింది. మొహం చూసింది.

"మీరా…" అంది.

డెల్బర్ట్ డబ్బా ముందుకి చాపాడు. ఆమె తిట్టలేదు. డబ్బా అందుకోలేదు. లాంతరు చెయ్యి మాత్రం మెల్లగా కిందికి దిగింది.

"అయితే… ఆర్విన్ ఇంకా చెప్పలేదన్నమాట," అంది తనలో తాను.

తర్వాత లాంతరు ఆర్పేసింది. కుర్చీ కిర్రుమంది.

డబ్బాను మెట్టు మీద వదిలేసి, ఆమె పక్కనుంచే, గోడ పట్టుకుని, తలుపు దాకా వచ్చాడు డెల్బర్ట్. గడియ మీద చెయ్యి వేసేసరికి చీకట్లోంచి ఆమె గొంతు వినిపించింది.

"గడియ వెయ్యకండి. ఆయన రావాలి."