పదీ పదికి ఎర్ర లైటు

పొద్దున్నే వంటింటి పని ముగించి టీచరు కంప్యూటర్ ముందు కూర్చుంది. ఇంట్లోంచే పిల్లలకు లెక్కలు చెప్పడం ఆమె ఉద్యోగం. క్లాసు పదింటికి. నెల రోజులుగా సరిగ్గా పదీ పదికి నెట్ పోతోంది. ఇంకొక్కసారి మధ్యలో మాయమైతే క్లాసు వేరేవాళ్ళకిచ్చేస్తామని నిన్ననే ఆఫీసువాళ్ళు మొహమ్మీద చెప్పారు.

ఆమె చెయ్యని ప్రయత్నం లేదు. నెట్ బాక్సు ఆపి మళ్ళీ పెట్టింది. వైఫై మానేసి కంప్యూటర్‌కు నేరుగా వైరు తగిలించింది. లైన్‌మ్యాన్ మూడు మధ్యాహ్నాలు వచ్చి, అన్నీ చూసి పెదవి విరిచాడు.

"లైను శుభ్రంగా ఉందమ్మా. ఇది వెలుగు పారే గాజు దారం. ఎక్కడో నలిగితే తప్ప ఆగదు. గడియారం చూసుకుని మరీ పోవడమేంటో నాకూ అంతుబట్టడం లేదు."

పదీ పది అంటేనే టీచరుకు ఒళ్ళు జలదరించేది. నలభై రోజుల కింద మామగారు తన గదిలో, తన కుర్చీలో కన్నుమూసిన సమయం అదే. బాక్సు ఉన్నదీ ఆ గదిలోనే. ఆ తలుపు అప్పట్నుంచీ మూసే ఉంటుంది.

"అత్తయ్యా, క్లాసు మొదలుపెడుతున్నా."

"సరేనమ్మా. నేను మేడమీద మొక్కలకు నీళ్ళు పోసొస్తా," అంటూ అత్తగారు బకెట్ పట్టుకుని వెళ్ళింది.

పదీ పది. తెరమీద పిల్లల మొహాలు బిగుసుకుపోయాయి. ఇల్లంతా నిశ్శబ్దం. మూసిన గదిలో కుర్చీ కిర్రుమంది. తర్వాత ఎవరిదో గుసగుస.

భయమేసినా, ఉద్యోగం పోతోందన్న ఉక్రోషంతో టీచరు వెళ్ళి తలుపు తోసింది.

కిటికీలు మూసిన మసక గదిలో బాక్సు మీద ఎర్ర లైటు. ఆ ఎరుపులో, మామగారి కుర్చీలో అత్తగారు. బకెట్ పక్కనే ఉంది.

"ఏవండీ, ఎర్ర లైటొచ్చింది. వచ్చారా?" అంటోంది బాక్సుతో.

కుర్చీ కాలి కింద, బాక్సుకు వెళ్ళే సన్నని వైరు నలుగుతూ కనిపించింది.

"మీరా అత్తయ్యా! నెల్లాళ్ళుగా నేను చస్తున్నా ఇక్కడ! ఈ కుర్చీ వల్ల నా ఉద్యోగం పోతోందండీ!"

అత్తగారు ఉలిక్కిపడి లేచింది. కాసేపటికి లైటు పచ్చగా మారింది. ఆమె మొహం పాలిపోయింది.

"చూశావా, వెళ్ళిపోయారు."

"ఎవరు?"

"మీ మామయ్య. నెట్ పోయి ఎర్ర లైటొస్తే బాగుచెయ్యమని నేను కేకేసేదాన్ని కదా, 'వస్తున్నా, ఆగవే' అంటూ వచ్చేవారు. ఆ రోజు నేను మేడమీదున్నాను. నన్ను పిలిచారో లేదో కూడా తెలీదు. తర్వాత అదే వేళకి ఇందులో కూర్చోగానే ఎర్ర లైటొచ్చింది. పిలుస్తున్నారనుకున్నా. నీ పని చెడుతోందని తెలీదమ్మా."

టీచరు కోపం నీరుగారిపోయింది. అత్తగారిని పట్టుకుని ఏడ్చేసింది. తనేమో ఇంతకాలం నెట్ గురించి ఊరంతా అడిగింది, పక్కనున్న మనిషిని మాత్రం ఎలా ఉన్నారని అడగలేదు.

ఆఫీసుకు ఫోన్ చేసి కారణం చెప్పి, ఒక్క రోజు గడువు బతిమాలి తీసుకుంది. సాయంత్రానికల్లా లైన్‌మ్యాన్ వైరును గోడ పైకెక్కించాడు.

మర్నాడు పదీ పది దాటింది. తెరమీద పిల్లలు కదులుతూనే ఉన్నారు. గదిలో కుర్చీ కిర్రుమంది.

"ఏవండీ..."

సంగతంతా తెలిసినా అత్తగారి నోరు ఊరుకోలేదు పాపం. పచ్చ లైటు అలాగే ఉంది. ఎవరూ పలకలేదు.

టీచరు పిల్లలకు ఒక లెక్క ఇచ్చి, మైకు ఆపి లేచింది.

"వస్తున్నా, ఆగండత్తయ్యా!"