తొట్టి పగులులో ఉన్నవాళ్లు

ఆ శనివారం పొద్దున ఇంట్లో ఉన్నవాళ్లు: సాయంత్రం ప్రార్థన కూడిక కోసం వసారా కడుగుతున్న అమ్మ రెబ్కా, తాపీ తుడుచుకుంటున్న నాన్న జక్రయ్య, బియ్యంలో రాళ్లు ఏరుతున్న జ్యోతిర్మయి. పెరట్లో నీళ్ల తొట్టి పగులులో, కంటికి కనపడనివి కొన్ని కోట్లు. వాటిని ఇంటివాళ్ల లెక్కలో వేసుకునేది జ్యోతి ఒక్కతే.

వాటిని తెచ్చింది అక్క స్తుతి. గుంటూరులో హాస్టల్లో ఉండి ఎమ్మెస్సీ చదువుతోంది. మూడు నెలల కిందట సీసాలో తెచ్చిన బాక్టీరియాను సన్న ఇసుకలో కలిపి, నాన్న కట్టిన తొట్టి పగులులో కూరింది.

"ఇవి యూరియా తిని సున్నపురాయి చేస్తాయే. ఆ రాయితోనే పగులు పూడుతుంది. తిండీ తడీ లేకపోతే నిద్రపోతాయి, అందితే మళ్లీ లేస్తాయి," అని, యూరియా, కాల్షియం కలిపిన నీళ్ల డబ్బా చెల్లెలి చేతికిచ్చింది. "రోజూ ఇంకు ఫిల్లరుతో పొయ్యి. నా ప్రాజెక్టంతా దీని మీదే."

జ్యోతి రోజూ బడికి పోయే ముందు పోసేది. కల్లాల్లో ఎండుతున్న మిరపకాయల ఘాటు గాలిలో తేలివస్తుంటే, తొట్టికి చెంప ఆనించి కూర్చునేది. లోపల ఆవగింజంత కూడా లేని మేస్త్రులు తెల్లటి ఊరు కట్టుకుంటున్నట్టు ఉండేది. ఇంట్లో ఎవరికీ చెప్పనివి వాళ్లకు చెప్పేది. నాన్న మాత్రం, "పిల్లి పోసినట్టు ఈ కంపేందే?" అనేవాడు.

గురువారం పొద్దున నాన్న సిమెంటు కలుపుతుంటే చూసింది. వద్దు నాన్నా అనాలి. అనకుండా డబ్బా పక్కన పెట్టేసి బడికి తయారైంది. ఆయన పగులు గీకాడు, పూశాడు, పనికి పోయాడు.

ఈ శనివారం పదింటికి స్తుతి వచ్చింది. సంచీ దించకుండానే పెరట్లోకి వెళ్లి, అంతే వేగంగా తిరిగి వచ్చింది.

"ఎవరు పూశారది?"

"మేస్త్రి ఇంట్లో ఇంకెవరు పూస్తారు?" అన్నాడు జక్రయ్య.

"సోమవారం మా మేడమ్ చూడటానికి వస్తున్నారు నాన్నా. పగులే లేకపోతే ఏం చూపించను?"

"పాస్టరుగారు కాళ్లు కడుక్కునే తొట్టి కారతా ఉంటే నాకు బాగుంటదా? నాతో పనిచేసే సిలారు అందరి ముందూ అడిగాడు, ఊరందరి తొట్లూ కట్టి నీది పురుగులకిచ్చావా మేస్త్రీ, అని."

"సిలారు నవ్వాడని నా చదువు పూడ్చేశావా?"

"ఆ తాపీతోనే చదివావు. నోరు తగ్గించు," అంది రెబ్కా.

స్తుతి చెల్లెలి వైపు తిరిగింది. "నువ్వు ఇంట్లోనే ఉన్నావుగా. ఒక్క మాట చెప్పలేకపోయావా?"

జ్యోతి కన్నీళ్లు చేటలో బియ్యం మీద పడ్డాయి. "చూశానక్కా. చెప్పలేకపోయాను."

జక్రయ్య తుడిచిన తాపీనే మళ్లీ తుడిచాడు.

"నేనూ చెప్పలా," అన్నాడు చివరికి. "పూసేముందు పగులు గీకాలి గదా. పైన బెత్తెడు మేర తాపీ మొన దిగింది. కింద జానెడు దిగలా. రాయికి తగిలినట్టు తగిలింది. నీళ్లు పోసి చూశా. అక్కడ చుక్క రాలా."

"మరి ఎందుకు పూశావు?"

"ముప్పై ఏళ్ల నుంచి కడుతున్నా. నేను కట్టినదాన్ని నాకు తెలీకుండా ఎవరో బాగుచేశారంటే అదోలా అనిపించింది. పైనుంచి కిందదాకా పూసేశా."

స్తుతి గొంతు దిగింది. "పరీక్షించడానికి లాబులో సిమెంటు దిమ్మెలు చాలా ఉన్నాయి నాన్నా. నువ్వు కట్టిన తొట్టి అనే ఇక్కడికి తెచ్చాను. నీ పనిలో నా పని కలవాలని."

జక్రయ్య కూతురి తల మీద చెయ్యి వేశాడు. సిమెంటుకు గరుకెక్కిన చెయ్యి. తరువాత చిన్న ఉలి, సుత్తి తీశాడు.

"కూడిక పూట పగలగొడతావా?" అంది రెబ్కా.

"కారితే కారనియ్యి. పాస్టరుగారికి చెంబుతో నీళ్లు నేనే పోస్తా."

తండ్రీ కూతురూ పెరట్లోకి దిగారు. జ్యోతి చేట వదిలేసి గుమ్మం దాకా పరుగెత్తింది.

"నాన్నా, మెల్లగా కొట్టు. రెండ్రోజులుగా వాటికి తిండి లేదు. నిద్రపోతుంటాయి."

నాన్నకు ఒక పని ఇలా చెయ్యమని ఆమె చెప్పడం అదే మొదలు. జక్రయ్య ఆమెను కొత్తగా చూశాడు.

"సరేనమ్మా. దుమ్ము లేస్తుంది, నువ్వు లోపలుండు," అని, చంటిపిల్లలు పడుకున్న గదికి వేసినట్టు, చప్పుడు కాకుండా తలుపు వేశాడు.