మిగతా ఆనవాళ్ళు

"మీ ఇల్లెక్కడండీ?" అని అడిగింది వెనక వరసలోంచి ఒకమ్మాయి.

ఓల్మన్ కేసాదా మాట మధ్యలో ఆగిపోయాడు. ముప్పావుగంటగా అతను సెలెదోన్ స్టోర్స్ కొత్త వెబ్‌సైట్ ఎలా ఉండబోతోందో చెబుతున్నాడు. రాజధాని సాన్ హొసేలో ఒక్క కొట్టుతో మొదలై దేశమంతటా ముప్పై నాలుగు షాపులైన కంపెనీ అది. స్టవ్వులు, ఫ్రిజ్‌లు, మంచాలు, పరుపులు అమ్ముతుంది. వెబ్‌సైట్ మాత్రం పదిహేనేళ్ళ నాటిది. దాన్ని ఎక్కడ విప్పాలో, ఎలా మళ్ళీ కుట్టాలో ప్లాన్ గీసిచ్చే పని ఓల్మన్ చేతికొచ్చింది. ఇంత పెద్ద పని అతని పేరు మీద రావడం ఇదే మొదలు, అందుకే కొత్త చొక్కా వేసుకొచ్చాడు.

మీటింగు గది గోడ నిండా రంగు చీటీలు అంటించి ఉన్నాయి. అందులోంచి ఒక ఎర్ర చీటీ పీకి, ఆర్డర్ ఫారంలో 'మిగతా ఆనవాళ్ళు' అనే ఈ పెట్టె ఇక ఉండదనీ, జిల్లా, వీధి, ఇంటి నంబరు రాస్తే చాలనీ ప్రకటించాడు. ఆ మరుక్షణమే వచ్చింది ఆ ప్రశ్న.

"మీకో పరుపు పంపాలనుకోండి. ఎక్కడికి పంపమంటారు?" అందా అమ్మాయి మళ్ళీ.

ఓల్మన్ ఆలోచించకుండా చెప్పేశాడు. "కుర్రిదబాత్‌లో పాత సబ్బుల ఫ్యాక్టరీ నుంచి రెండొందల మీటర్లు దక్షిణం, యాభై తూర్పు. ఎడంచేతి పక్క ఆకుపచ్చ గేటు."

"వీధి పేరు?"

ఓల్మన్ చేతిలోని ఎర్ర చీటీ వంక చూశాడు.

"పోనీ ఇంటి నంబరు? అదీ వద్దులెండి. ఆ సబ్బుల ఫ్యాక్టరీ అయినా ఇప్పుడుందా?"

అతను పుట్టకముందే దాన్ని కూల్చేశారు. ఆ సంగతి ఒప్పుకోక తప్పలేదు. గది గదంతా గొల్లుమంది. ఓల్మన్ మొహం కందగడ్డలా అయింది.

నిజానికి వీధులకు పేర్లున్నాయి. మునిసిపాలిటీ వాళ్ళు శ్రమపడి మూలమూలకీ పలకలు కూడా కొట్టించారు. వాటిని తలెత్తి చూసిన పాపాన పోయినవాడు లేడు. ఈ ఊళ్ళో వంద మీటర్లంటే ఒక మలుపు నుంచి ఇంకో మలుపు దాకా, అంతే. టేపు పెట్టి కొలిచేవాణ్ణి అనుమానంగా చూస్తారు. ఓల్మన్ ఇవన్నీ పాలతో పాటు తాగి పెరిగినవాడే. కానీ ఐదేళ్ళుగా పరాయి దేశాల కంపెనీలకు ఫారాలు గీసీ గీసీ, తన సొంత గేటు మాట మర్చిపోయాడు.

ఆ అమ్మాయి పేరు యోర్లెనీ. కింది అంతస్తులో అడ్రస్ డెస్క్ ఆమెది. ఆమెతో కలిపి నలుగురు ఆడవాళ్ళు. ఆర్డర్లలో జనం రాసిన ఆనవాళ్ళను గట్టిగా చదవడం, అర్థం కాకపోతే కొన్నవాళ్ళకు ఫోన్ చెయ్యడం, లారీ డ్రైవర్లకు దారి చెప్పడం వాళ్ళ పని.

కంపెనీ యజమానురాలు దోన్యా మిరియమ్‌కు డెబ్బై రెండేళ్ళు. ఆవిడ కాఫీ పూర్తిచేసి, నవ్వులు సద్దుమణిగాక, పది రోజుల్లో ఖాయమైన ప్లాన్ తెమ్మని ఓల్మన్‌తో అంది. గుమ్మం దాకా వెళ్ళి, కొత్త సైట్ బాగుంటే ఆ డెస్క్ అవసరమేముంటుందో కూడా ఆలోచించమని మెల్లగా చెప్పింది. ఓల్మన్ బుద్ధిగా తన గదికి వెళ్ళి ఒక పసుపు చీటీ మీద 'అడ్రస్ డెస్క్ మూసివేత, మూడో నెల' అని రాసి గోడకు అంటించాడు. ఆ చీటీ తన కొంప ముంచుతుందని అప్పుడతనికి తెలియదు.

మర్నాడు ఓల్మన్ కిందికి దిగాడు. శత్రువు బలం తెలుసుకోవడానికే వెళ్తున్నానని తనకు తాను చెప్పుకున్నాడు. యోర్లెనీ ఒక కుర్చీ చూపించి, హెడ్‌ఫోన్ ఇచ్చి, మాట్లాడకుండా వినమంది.

విన్నాడు. తిట్లు నేర్చిన చిలక ఉన్న ఇంటికి వాషింగ్ మెషీన్, కాలిపోయిన సినిమా హాలు నుంచి డెబ్బై ఐదు మీటర్లు ఉత్తరానికి జంట మంచం, ఎప్పుడూ వరండాలోనే కూర్చునే లావుపాటాయన ఎదురింటికి ఫ్యాను. ఆ లావుపాటాయన పోయి మూడేళ్ళయిందట. అయినా ఆయన ఎదురిల్లు ఆయన ఎదురిల్లే.

"ఇవి అడ్రసులా, కథలా?" అన్నాడు ఓల్మన్.

"మీ ఆకుపచ్చ గేటు ఏమిటి మరి? దానికేమన్నా గవర్నమెంటు ముద్ర ఉందా?"

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు కానీ, కాఫీ వడకట్టే గుడ్డసంచి కింద రెండో కప్పు పెట్టింది. ఆ తర్వాత నాలుగు రోజులూ ఓల్మన్ ఏదో ఒక సాకుతో అక్కడే తేలాడు. మొదటి సాకు ఫారం, రెండోది రంగులు, మూడోది మర్చిపోయిన పెన్ను. నాలుగో రోజు సాకేమీ దొరక్క ఊరికే వచ్చాడు. మిగతా ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

ఈలోగా అతను చేసిన మరో ఘనకార్యం ఫలితం బయటపడింది. 'మిగతా ఆనవాళ్ళు' పెట్టె లేని కొత్త ఫారాన్ని కొండవైపు పేటలకు మాత్రం వారం రోజులు ప్రయోగం పెట్టాడు. జనం పెట్టె లేదని ఊరుకుంటారా? ఆనవాళ్ళు తీసుకెళ్ళి పేరు రాసే గళ్ళలో కుక్కారు. 'ఎలాదియో మోరా మామిడిచెట్టు నుంచి వంద మీటర్లు' అనే ఆయన ఫ్రిజ్ కొన్నాడు. ఇంటి నంబరు దగ్గర ఒకావిడ 'నీలం' అని రాసింది. డ్రైవర్ విల్బర్ ఆ మామిడిచెట్టు కాగితం పట్టుకుని పేటంతా తిరిగి, ఫ్రిజ్‌ను వెనక్కి తెచ్చేశాడు.

"రండి, మీ ప్రయోగాన్ని మీరే ఇంటికి చేరుద్దురుగాని," అంది యోర్లెనీ. ఆ పేట ఆమె పుట్టిపెరిగిన చోటు. విల్బర్ పక్కన ఇద్దరూ ఇరుక్కుని కూర్చున్నారు. మధ్యలో ఉన్న ఓల్మన్‌కు గేరు మారినప్పుడల్లా మోకాలికి దెబ్బ తగులుతున్నా, ఆ సీటును దేనికీ మార్చుకునేవాడు కాదు.

మధ్యాహ్నం రెండయ్యేసరికి మామూలుగానే వాన మొదలైంది. కొండదారిలో ఒక మలుపు దగ్గర లారీ బురదలో దిగబడిపోయింది. ముగ్గురూ దిగి తోశారు. చక్రం ఒక్కసారి గిర్రున తిరిగి లారీ కదిలింది, ఓల్మన్ మాత్రం అక్కడే ఉండిపోయాడు, బోర్లా. కొత్త చొక్కా ఏ రంగులో కొన్నదో ఇక ఎవరూ చెప్పలేరు. యోర్లెనీ చెయ్యి అందించబోయి, నవ్వు ఆపుకోలేక, తనూ జారి పక్కనే కూలబడింది. ఒక్క గొడుగు ఉంటే అదీ గాలికి తిరగబడింది. వానలో, బురదలో కూర్చుని ఆమె నవ్వుతుంటే, ఇదేదో ఎప్పటికీ ఆగకపోతే బాగుండునని ఓల్మన్‌కు అనిపించింది. తనకేం జరిగిందో అతనికి అప్పుడే అర్థమైపోయింది.

మామిడిచెట్టు దగ్గర తిప్పమంది యోర్లెనీ. అక్కడ బస్టాపు తప్ప చెట్టన్నది లేదు, పన్నెండేళ్ళ కిందటే కొట్టేశారట. అక్కణ్ణుంచి వంద మీటర్లకు, గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు ఎలాదియో తాత. ఫ్రిజ్ దించాక అందరికీ వేడి బెల్లంనీళ్ళు ఇచ్చాడు. చెట్టే లేదు కదా, బస్టాపు అని చెప్పొచ్చు కదా అని ఓల్మన్ అడిగాడు.

తాత అతన్ని జాలిగా చూశాడు. "మా ఆవిడ నాతో మొదటిసారి మాట్లాడింది ఆ మామిడిచెట్టు కిందే నాయనా. దాన్ని పట్టుకుని బస్టాపు అనమంటావా?"

తిరుగు ప్రయాణంలో ఆ బస్టాపు దగ్గర లారీని మెల్లగా పోనివ్వమన్నాడు ఓల్మన్. తన గదికి వెళ్ళగానే, 'మిగతా ఆనవాళ్ళు' ఎర్ర చీటీని మళ్ళీ గోడమీదికి ఎక్కించాడు. ఆ హడావిడిలో పసుపు చీటీ సంగతే అతనికి గుర్తు రాలేదు.

మర్నాడు పొద్దున్నే యోర్లెనీ పైకొచ్చింది. ఆమె ఆ గదికి రావడం అదే మొదలు. చేతిలో కాగితం సంచి, అందులో కజ్జికాయల్లాంటి వేడివేడి ఎంపనాదాలు. ఓల్మన్ కుర్చీ తుడుస్తుండగా ఆమె కళ్ళు గోడమీద ఒకచోట ఆగాయి.

"ఇది మీ చేతిరాతేనా?"

ఓల్మన్ తిరిగి చూశాడు. పసుపు చీటీ. అది రాసింది మొదటి రోజని, ఇప్పుడు తన ఉద్దేశం వేరని, పీకెయ్యడం మర్చిపోయానని నీళ్ళు నమిలాడు. అన్నీ నిజాలే. కానీ చెప్పుకుంటూ పోతే అబద్ధాల్లా వినిపించాయి.

"మా కుర్చీలో కూర్చుని, మా కాఫీ తాగి, మా పని నేర్చుకున్నది మమ్మల్ని ఇంటికి పంపడానికా?" అంది యోర్లెనీ. గొంతు పెంచలేదు. "ముందే చెప్పి ఉంటే మీకు కుర్చీ ఇవ్వకపోదును కదండీ."

వెళ్ళిపోయింది. ఎంపనాదాలు కూడా పట్టుకుపోయింది. కోపం ఉత్తుత్తిది కాదని ఓల్మన్‌కు అప్పుడు గట్టిగా తెలిసొచ్చింది. ఆ తర్వాత కింద అతనికి కుర్చీ దొరకలేదు, కప్పూ దొరకలేదు. అతను పలకరిస్తే ఆమె హెడ్‌ఫోన్ పెట్టుకునేది. మిగతా ముగ్గురూ కూడా పెట్టుకునేవారు.

పదో రోజు దోన్యా మిరియమ్ ముందు ఓల్మన్ కొత్త ప్లాన్ పరిచాడు. ఆర్డర్ పేజీలో అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా పెద్దగా 'మిగతా ఆనవాళ్ళు' పెట్టె. లేని చెట్లు, కూలిన హాళ్ళు, చిలకలు, అన్నీ డెస్క్ వాళ్ళే దగ్గరుండి సైటుకు నేర్పించాలి. అంటే డెస్క్ పోవడం కాదు, పెరగాలి. చెప్పి, పసుపు చీటీని జేబులోంచి తీసి ఆవిడ ముందే రెండు ముక్కలు చేశాడు.

దోన్యా మిరియమ్ ఆ ముక్కల్ని పక్కకి జరిపింది. "మాటలు బాగున్నాయి. మ్యాపుకు దొరకని అడ్రసు ఒకటి పెట్టి, ఇప్పుడే ఒక ఆర్డర్ వెయ్యి. ఎవరికీ ఏమీ చెప్పకు. వాళ్ళు అరగంటలో కనిపెడితే డెస్క్ ఉంటుంది, నీ ప్లానూ ఉంటుంది. లేకపోతే రెండూ ఉండవు."

ఓల్మన్ లాప్‌టాప్ ముందు చాలాసేపు కూర్చున్నాడు. పేరు గడిలో పేరు లేదు. కొన్న వస్తువు, కాఫీ వడకట్టే చెక్క స్టాండు ఒకటి. పెట్టెలో రాయాల్సింది రాసి, నొక్కి, కిందికి దిగి కాఫీ బల్ల పక్కన నిలబడ్డాడు. వెనకాలే దోన్యా మిరియమ్ మెట్ల మీద ఆగింది.

యోర్లెనీ అతన్ని చూడనట్టే చూసి, తెరమీదికొచ్చిన ఆర్డర్ అలవాటుగా గట్టిగా చదవడం మొదలెట్టింది.

"కాఫీ స్టాండు ఒకటి. ఆనవాళ్ళు: ఎక్కడా దొరకని కుర్చీ నుంచి మూడు మీటర్లు తూర్పు, వెనక్కి వెళ్ళిపోయిన ఎంపనాదాలకు ఎదురుగా. చీటీ చింపేసిన మనిషి ఒకడు నిలబడి ఉంటాడు. తప్పు చేశాడు, తెలుసు. లారీ బురదలో పడ్డ రోజు నుంచీ అతనికి..."

ఆమె చదవడం ఆపేసింది. మిగతా ముగ్గురూ హెడ్‌ఫోన్లు తీసేశారు.

"చదవమ్మా, అడ్రసు సగం చదివితే లారీ ఎలా వెళ్తుంది?" అంది మెట్ల మీంచి దోన్యా మిరియమ్.

యోర్లెనీ మెల్లగా చదివింది. "అతనికి మీరంటే ప్రేమ. ఈ మాట ఎదురుగా చెప్పే ధైర్యం లేక ఈ పెట్టెలో రాస్తున్నాడు. దీన్ని తీసెయ్యాలనుకున్నవాడు కూడా వాడే."

అడ్రసు తెలియలేదని ఆమె ఒక్క మాటంటే చాలు, ప్లాను, పేరు, అన్నీ పోతాయి. వాటి బెంగ మాత్రం ఓల్మన్‌కు ఆ నిమిషంలో లేదు. ఆమె మొహమే చూస్తున్నాడు.

యోర్లెనీ ఫోనందుకుని ఆర్డర్‌లోని నంబరు నొక్కింది. మూడు మీటర్ల దూరంలో ఓల్మన్ జేబు మోగింది.

"సెలెదోన్ స్టోర్స్ అడ్రస్ డెస్క్ నుంచండీ. మీ అడ్రసు సరిచూసుకోవడానికి చేస్తున్నాం. ఆ మనిషి ఇంకా అక్కడే ఉన్నాడా?"

"ఉన్నాడండీ."

"ఎంతసేపు ఉంటాడు?"

"ఎంతసేపు ఉండమంటే అంతసేపు."

ఆమె చెవి మీది జుట్టు సవరించుకుంది. నవ్వు దాచుకోవడానికి తల వంచుకుంది కానీ అందరికీ కనిపించింది. "అడ్రసు దొరికిందండీ. నాలుగు నిమిషాలు పట్టింది," అంది. దోన్యా మిరియమ్ చేతిలోని ప్లాను మీద అక్కడే, మెట్ల గోడకు ఆనించి సంతకం పెట్టింది. పెళ్ళికి పరుపు కంపెనీ తరఫున ఇస్తాననీ, అడ్రసు మాత్రం సరిగ్గా రాయమనీ చెప్పి పైకెళ్ళిపోయింది.

ఫోన్లు ఇంకా ఇద్దరి చెవుల దగ్గరే ఉన్నాయి.

"ఆదివారం మా అమ్మ తమాల్ వండుతుంది. రాసుకో," అంది యోర్లెనీ. మొదటిసారి అతన్ని నువ్వు అంది.

ఓల్మన్ తడుముకున్నాడు. పెన్ను మళ్ళీ మర్చిపోయాడు. పక్క కుర్చీ ఆవిడ తన పెన్ను చేతిలో పెట్టింది.

"నువ్వు బోర్లా పడ్డ చోటు నుంచి వంద మీటర్లు పైకి. తెల్ల తలుపు."

విల్బర్ తప్ప ఆ చోటు మూడో మనిషికి తెలియదు. ఓల్మన్ అరచేతిలో అక్షరం పోకుండా రాసుకున్నాడు. ఆదివారం వానలో, ఎవర్నీ దారి అడక్కుండా, నేరుగా ఆ తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.