నూనె బురదకు తోడు

"ఇదొక్కటీ చేసిపెట్టు విజయ్, తర్వాత సెలవే," అన్నాడు ఫోన్లో చీఫ్ సుధాకర్.

ఏజెంట్ విజయ్ పాల్‌కి ఆ మాట వినీ వినీ చెవులు అలసిపోయాయి. పెళ్ళయి నెల కాలేదు. కాకినాడ ఇంట్లో, మెర్సీ వేసిన పెసరట్టు కంచంలో పొగలు కక్కుతోంది.

"చెప్పండి సార్."

"రావులపాలెం దగ్గర ప్లాంట్. చమురు బావుల్లో మిగిలే బురదనీ, అరటి బోదెల గుజ్జునీ ఒక బాక్టీరియా తిని గ్యాస్ ఇస్తుంది. దాంతో కరెంటు. సైంటిస్ట్ దేవకుమారి గారి జీవితమంతా అందులోనే ఉంది. కోబాల్ట్ అనే విదేశీ ముఠా దాన్ని ఎత్తుకెళ్ళి, ఇక్కడున్నదంతా చంపేయాలని చూస్తోంది. ఆ బాక్టీరియా మూల కల్చర్ ఉన్న ఫ్లాస్కుని ఉప్పాడలో మన బోటు ఎక్కించు. మన ఏజెంట్ లావణ్య సాయం వస్తుంది."

మధ్యాహ్నానికి విజయ్‌ది లుంగీ, భుజాన తువ్వాలు, అరటి వ్యాపారి వేషం. గుండీలో కెమెరా ఉక్కకి మసకబారింది. ప్లాంట్ గేటు దగ్గర నల్లకళ్ళద్దాలు, ఉప్పాడ జామ్దానీ చీర.

"గెల పండిందా అండీ?" అంది లావణ్య.

"ఇంకా పచ్చిదేనండి."

కోడ్ కలిసింది.

లోపల దేవకుమారి ఫ్లాస్కు లావణ్యకిచ్చి, విజయ్ చేతిలో ఒక స్టీలు డబ్బా పెట్టింది. "మీ ఆవిడకి ఇవ్వు బాబూ. ఫ్రిజ్‌లో పెట్టమను. నేను చెప్పేదాకా మూత తీయొద్దు."

"ఆవకాయా అండీ?"

"అలాంటిదేలే."

దారిలో కాకినాడలో కారు ఆపి, డబ్బా మెర్సీకిచ్చి ఫ్రిజ్‌లో పెట్టమన్నాడు, మూత సంగతి మర్చిపోయాడు. "కాస్త టీ తాగి వెళ్ళండీ," అంది మెర్సీ. రెండు గుక్కలకి ఒళ్ళు తేలికైంది. లావణ్య హారన్ కొట్టింది.

ఉప్పాడలో రోడ్డుని సముద్రం సగం మింగేసింది. రాళ్ళ గట్టు మీద దిగారు. సాయంత్రపు ఎండలో ఒక బోటు వస్తోంది. మనది కాదు. విజయ్ తుపాకీ తీశాడు. లావణ్య అప్పటికే ఫోన్లో ఏదో నొక్కింది.

"ప్లాంట్ ట్యాంకులో విషం కలిసింది," అంటూ ఫ్లాస్కుని రాళ్ళకి పైన చాచి పట్టుకుంది. "ఇక బతికున్నది ఇదొక్కటే. తుపాకీ దించండి. లేదంటే వదిలేస్తాను."

విజయ్ దించాడు. ఎన్నిసార్లు దించాడో ఈ ఉద్యోగంలో! బోటు గట్టుకి చేరువైంది. అప్పుడే అతని ఫోను మోగింది.

"ట్యాంకంతా చచ్చిపోయింది బాబూ," అంది దేవకుమారి. "ఫ్లాస్కు కోసం ప్రాణం మీదకి తెచ్చుకోకు. తోడు తీసి పెట్టాను."

"ఎక్కడండీ?"

"నీకిచ్చిన డబ్బాలో. ఏ ఇంట్లోనైనా తోడు తీయకుండా పెరుగంతా వడ్డించేస్తారా?"

విజయ్‌కి నవ్వొచ్చింది. "మీరు ప్యాకెట్ పెరుగు కొంటారా లావణ్య గారూ?"

"ఏంటి?"

ఆ ఒక్క క్షణం చాలింది. చేయి మెలిపెట్టాడు. ఫ్లాస్కు రాళ్ళ మీద భళ్ళుమంది, కిరసనాయిలు కంపు లేచింది. లావణ్య చేతులకి బేడీలు పడ్డాయి. బోటు గిరుక్కున వెనక్కి తిరిగింది.

మళ్ళీ ఫోను. మెర్సీ.

"ఏవండీ, డబ్బా అడుగున 'తోడు' అని చీటీ అంటించి ఉంది. పాలు గోరువెచ్చగా ఉన్నాయి. మూత తీస్తున్నా..."

"వద్దు!"

గట్టు మీది కాకులన్నీ ఎగిరిపోయాయి.

ఆ రాత్రి డబ్బా మూత తీయకుండా ఫ్రిజ్‌లోనే ఉంచి, కొత్త దంపతులు ప్యాకెట్ పెరుగుతోనే అన్నం తిన్నారు.