పిచ్చుక పంపిన శాంపిల్

“మహిళా కమాండోల బ్యాచ్‌ని ఎవరో లోపల్నుంచే దెబ్బతీస్తున్నారు,” అన్నాడు చీఫ్.

డ్రైక్లీనింగ్ షాపు వెనక గది. ఇస్త్రీ పెట్టెల ఆవిరికి ఆయన కళ్లద్దాలు మసకబారుతున్నాయి.

“ఎలా సార్?” అంది పిచ్చుక.

“ఎక్సర్‌సైజ్ అయ్యాక తాగే ప్రొటీన్ డ్రింక్ మీద అనుమానం. విదేశీ ముఠా పని. వచ్చే నెల జరగబోయే సదస్సుకి గేట్ల దగ్గర కాపలా ఈ అమ్మాయిలదే. వాళ్లు పడిపోతే లోపలికి ఎవరైనా రావచ్చు. నువ్వు అసిస్టెంట్ కోచ్‌గా వెళ్లి శాంపిల్ పంపు. డ్రింక్ మంచిదైతే ల్యాబ్ నుంచి ‘పాలు కాగాయి’ అని వస్తుంది. తేడా ఉంటే ‘పాలు విరిగాయి’. అక్కడి డైటీషియన్ మన ఇన్‌ఫార్మరే. కోడ్‌నేమ్ నెమలి. నువ్వెవరో ఆమెకి మాత్రమే తెలుసు.”

తనకి పిచ్చుక అని కోడ్‌నేమ్ పెట్టిన రోజుల్లో ఆమె నిజంగా పిచ్చుకలాగే సన్నగా ఉండేది. రెండో కాన్పు తర్వాత ఆఫీసులో డెస్క్ పనికి కూర్చోబెట్టారు. అక్కడే ఒళ్లు చేసింది. ఇన్నాళ్లకి మళ్లీ ఫీల్డ్ డ్యూటీ.

క్యాంపులో మొదటి రోజే నెమలి ఆమెని పక్క గదిలోకి పిలిచింది. పొడుగాటి మనిషి, మెడలో సిల్కు స్కార్ఫ్, నవ్వితే గది వెలిగేది. బాడీ కంపోజిషన్ మెషీన్ మీద ఎక్కమంది. పిచ్చుక బూట్లు విప్పి, సిగ్గుతో పొట్ట లోపలికి పీల్చుకుని, హ్యాండిల్స్ పట్టుకుంది. కొవ్వెంతో కండెంతో స్క్రీన్ మీద పడ్డాయి.

“ఇంత కండ లోపల దాచుకుని బయటికి తెలియకుండా తిరుగుతున్నారే! గూఢచారి అంటే మీరేనండీ,” అని నెమలి చెవిలో గుసగుసలాడింది. “అమ్మాయిలు తాగేదే, మీకోసం నా చేత్తో కలిపాను,” అని చేతిలో ఒక సీసా పెట్టింది.

ఒంటి గురించి ఆమెతో ఎవరైనా మంచి మాట అని ఎంత కాలమైందో! వారం వారం స్క్రీన్ మీద కొవ్వు కరిగింది, కండ పెరిగింది. నెమలి మెచ్చుకుంటూనే ఉంది. పిచ్చుక లిప్‌స్టిక్ ట్యూబులో శాంపిల్ నింపి పంపింది. అమ్మాయిలు తాగే డ్రింక్ డ్రమ్ము స్టోర్‌రూమ్‌లో ఉండేది, తన సీసా చేతిలోనే ఉంది. రెండూ ఒకటే కదా అని సీసాలోదే పోసింది. వాచీలో జవాబొచ్చింది: పాలు కాగాయి.

మర్నాడు బుల్లి వచ్చింది. బ్యాచ్‌లో అందరికంటే చిన్నది కాబట్టి ఆ ముద్దుపేరు.

“అక్కా, డ్రింక్ తాగాక గుండె దడదడలాడుతోంది. నిన్న కళ్లు బైర్లు కమ్మాయి.”

“నేనూ తాగుతున్నాగా, నాకేం కాలేదే! మెషీన్‌లో నీ కండ ఎంతుందో చూసుకున్నావా? సాకులు మాని తాగు.”

అందరి ముందే అంది. అందరూ నవ్వారు. బుల్లి తలొంచుకుని గ్లాసు ఖాళీ చేసింది.

సదస్సు రోజు పొద్దున పిచ్చుక ట్రాక్‌ప్యాంట్ విప్పి, క్యాంపుకి రాకముందు కుట్టించుకున్న యూనిఫామ్ తొడుక్కుంది. జిప్ సగంలో ఆగిపోయింది. ఊపిరి బిగబట్టి లాగింది. కదల్లేదు. మెషీన్ లెక్క ప్రకారం ఈ ప్యాంటు వదులుగా ఉండాలి!

నెమలి మెషీన్‌తో అబద్ధం చెప్పించింది. ఎందుకు? తను మురిసిపోయి ఆ సీసాకే అతుక్కుపోవాలని. ల్యాబ్‌కి వెళ్లింది ఆ సీసాలోది. డ్రమ్ములోది ఒక్క చుక్క కూడా వెళ్లలేదు.

ఒక చేత్తో ప్యాంటు పట్టుకుని మెట్ల మీద పరిగెత్తింది. హాల్లో కమాండర్, నెమలి చూస్తుండగా అమ్మాయిలంతా వరసగా నిలబడి ఉన్నారు. గ్లాసులు నోటిదాకా వచ్చాయి.

“తాగకండి!”

గ్లాసులు ఆగిపోయాయి. ఒక్క బుల్లి గ్లాసే ఖాళీగా ఉంది. సాకులు చెబుతోందని మళ్లీ ఎవరూ అనకూడదని, అందరికంటే ముందు తాగేసింది.

“నిన్నటిదాకా తాగమని వెంటపడింది నువ్వే కదా?” అంది కమాండర్.

అబద్ధమాడే దారి లేదు. “నాకిచ్చింది వేరు మేడమ్. ఈవిడ నా ఒంటిని పొగిడింది. నేను పొంగిపోయాను. డ్రమ్ములోది పరీక్షే చేయించలేదు.” పట్టని జిప్పు, పట్టుకున్న ప్యాంటు, అంతమంది ఆడపిల్లల చూపులు. ఆమె చెవులు కాలిపోతున్నాయి.

“మతి పోయింది పాపం,” అని నెమలి నవ్వింది.

పిచ్చుక పక్కనున్న గ్లాసు లాక్కుని ఆమె ముందు పెట్టింది. “అయితే నువ్వు తాగు.”

నెమలి నవ్వు అలాగే బిగుసుకుపోయింది. అదే క్షణంలో బుల్లి మోకాళ్ల మీద కూలిపోయింది. నెమలి తలుపు వైపు దూకింది. నలుగురమ్మాయిలు ఆమెని గడప దాటనివ్వలేదు.

మధ్యాహ్నానికి చీఫ్ గొంతు చెవిలో వినిపించింది. “నెమలి నోరు విప్పింది. మన జీతం, వాళ్ల జీతం రెండూ తీసుకుంటోంది. ముఠా మొత్తం దొరికింది. కంగ్రాట్స్.”

“ఆ మాట అనకండి సార్,” అని ఆమె ఇయర్‌పీస్ తీసేసింది.

బుల్లి హాస్పిటల్ మంచం మీద ఉంది. గండం గడిచింది, గుండె కుదుటపడుతోందని డాక్టర్ చెప్పాడు. పిచ్చుక తలుపు దగ్గరే చాలాసేపు నిలబడి, చివరికి లోపలికి వెళ్లింది.

“నువ్వు చెప్పావు. నేను వినలేదు. పైగా నలుగురిలో నిన్ను చిన్నబుచ్చాను. క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లడం లేదు.”

బుల్లి పర్లేదు అనలేదు. కిటికీ వైపు చూస్తూ, “దాహమేస్తోంది,” అంది.

పిచ్చుక గబగబా వెళ్లి గ్లాసులో మంచినీళ్లు పట్టుకొచ్చి అందించింది. బుల్లి గ్లాసు వైపు చూసింది. ఆమె వైపు చూసింది.

“ముందు మీరు తాగండక్కా.”

పిచ్చుక రెండు గుక్కలు తాగి ఇచ్చింది.